డ్రైవర్ వైపు డోరు

అయస్కాంతం జారి కింద పడింది.

అంత చిన్న చప్పుడుకు నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. చిత్తూరులో, వేలూరు రోడ్డు పక్కన, జియావుల్లా చాచా టింకరింగ్ షెడ్డు ముందు, పట్టపగలు, టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న జనమంతా చూస్తుండగా జరిగిందిది. అయస్కాంతం ఆ పిల్లది. కారు మా మామది. దాని మీద పెయింటు మాత్రం అచ్చంగా నాది. చాచాకు నా పనితనం చూపిద్దామని ఆ ఉదయమే తిరుపతి నుంచి నడుపుకుంటూ వచ్చాను. ఆయన షెడ్డులో పెయింటర్ మానేసి బెంగళూరు వెళ్ళిపోతే, మా నాన్న స్నేహితుడు కదా అని నన్ను పిలిపించాడు.

"ఇది కారా, గోడా?" అంది ఆ పిల్ల.

సల్వార్ మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా వేసుకుంది. వెల్డింగ్ హెల్మెట్ నెత్తి మీదికి ఎత్తిపెట్టుకుంది. ముక్కు మీద మసి. కళ్ళు మాత్రం, ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, చాలా బాగున్నాయి.

"ఏమంటివి?" అన్నాను.

"గోడా అని అడిగినా. అయస్కాంతం రేకునైతే పట్టుకుంటాది. ఈడ రేకు యాడుండాది? అంతా పుట్టీనే. లోపల సొట్ట అట్లే పెట్టి, పైన మెత్తి, పౌడర్ పూసినావు."

"పుట్టీ లేకుండా పెయింట్ చేసే మొగోడు ఎవుడుండాడో సూపించు."

"పెట్టొద్దనలా. గోరు మందాన పెట్టు. నువ్వు ఊతప్పం పోసినావు."

బెంచీ మీద వాళ్ళు పగలబడి నవ్వారు. ఒకాయన టీ ఒలకబోసుకున్నాడు. నా చెవులు మండిపోయాయి.

"సెప్పేదానికి నువ్వెవురు?"

"ఈ షెడ్డు వెల్డర్‌ని."

లోపలి నుంచి జియావుల్లా చాచా కేక వేశాడు. "షబ్రీన్! ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడే తీరేనా అది?"

"ఇంటికి రాలా అబ్బా. షెడ్డుకొచ్చినాడు" అంది తండ్రితో.

ఆ క్షణమే వెళ్ళిపోదామనుకున్నాను. కారెక్కి తలుపు ధడాలున వేశాను. వేయకుండా ఉండాల్సింది. డోరు అంచు నుంచి రూపాయి బిళ్ళంత పుట్టీ పెచ్చు ఊడి, సరిగ్గా ఆ పిల్ల చెప్పుల దగ్గర పడింది. ఆమె వంగి తీసి, ఎంతో మర్యాదగా కిటికీలోంచి నా చేతికిచ్చింది.

"నీదే పడిపోయింది" అంది.

అప్పుడు నిర్ణయించుకున్నాను, ఈ షెడ్డు వదిలి వెళ్ళకూడదని. వెళ్ళిపోతే ఊతప్పం కథ నాకంటే ముందు తిరుపతి చేరుతుంది. ఉంటే, ఏదో ఒక రోజు ఈమె పనిలో తప్పు పట్టుకుని, ఇదే బెంచీ ముందు నిలబెట్టి అడగొచ్చు. మనిషిని ఊళ్ళో నిలబెట్టడానికి ప్రేమే అక్కర్లేదు, కోపం కూడా సరిపోతుంది.

మా ఇళ్ళలో ఉర్దూ, షెడ్డులో తెలుగు. తిట్టుకునేటప్పుడు రెండూ.

కొద్ది రోజులకు నగరి నుంచి వరదమ్మ వచ్చింది, ఒక లారీ మీద తన పాత ఫియట్‌ను ఎక్కించుకుని. మరమగ్గాల యజమానురాలు. పెద్ద వయసు, పెద్ద గొంతు, చేతికి మగవాళ్ళ వాచీ. ఒకప్పుడు ఆ కారు వెనక సీటు నిండా చీరల మూటలు వేసుకుని, తనే నడుపుకుంటూ మద్రాసు పోయి వచ్చేదట. ఇప్పుడు కారు కింది సగమంతా తుప్పు పట్టి జల్లెడలా ఉంది.

"కొత్త కారొకటి కొన్న్యా. దాంట్లో కూసుంటే ఆస్పత్రికి తీస్కపోతా ఉన్నట్టుండాది" అంది వరదమ్మ. "నాకు ఇదే కావాల. తుప్పంతా కోసి పారేయండి. మళ్ళా యాడ అతికినారో నా కంటికి కనపడకూడదు, వేలికి తగలకూడదు. సరేనా తంబీ?"

"పుట్టీతో బాగా కవర్ చేసి..." అని నేను మొదలుపెట్టాను.

"పెట్టం" అంది షబ్రీన్.

వరదమ్మ వెళ్ళిపోయాక చాచా మా ఇద్దరినీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. గ్యాస్ మంట చూసి చూసి ఆయన కళ్ళు బాగా దెబ్బతిన్నాయి. ఇక పని చేయవద్దని వేలూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. చాచా అన్న కొడుకు సుల్తాన్, పెళ్ళై పిల్లలున్నవాడు, షెడ్డు తనకిస్తే కార్ వాష్ పెట్టుకుంటానని వెంటబడుతున్నాడు.

"అబ్బా, నేనుండాను కదా" అంది షబ్రీన్.

"నువ్వుండావు పాపా. పని నాకంటే బాగా సేస్తావు. కానీ కస్టమర్లు నన్ను సూసి వస్తా ఉండారు. ఆడపిల్ల వెల్డింగ్ గన్ను పట్టుకుంటే వాళ్ళు నిలబడరు. ఏదన్నా చిన్న తేడా వస్తే సాలు, బండి ఎత్తుకుని పోతారు." ఆయన కూతురి వైపు తిరిగాడు. "సరే. వరదమ్మ కారు మొత్తం నువ్వే సెయ్యి. ఆమె ఒప్పుకుంటే షెడ్డు నీది. ఒప్పుకోకపోతే తాళం సుల్తాన్‌కి ఇచ్చేస్తా. తర్వాత నామీద అలగొద్దు."

షబ్రీన్ లేచి వెళ్ళి గ్రైండర్ ఆన్ చేసింది. ఆ రోజు సాయంత్రం వరకు ఆ మిషను ఆగలేదు. తుప్పు మీద ఆమెకున్న కోపం చూసి నాకు కాస్త భయం వేసింది.

కోసేటప్పుడు ఆవేశం. అతికేటప్పుడు మాత్రం వేరే మనిషి. కొత్త రేకు ముక్కను సరిగ్గా కత్తిరించి, పాత రేకు పక్కన అమర్చి, వెల్డింగ్ గన్‌తో ఈ చివర ఒక చుక్క పెడుతుంది. వెంటనే ఆ చివర ఇంకొకటి. తర్వాత నడుమ ఒకటి. ఆగుతుంది. గ్లవుజు తీసి అరచేయి దగ్గరగా పెట్టి చూస్తుంది. వేడి తగ్గితేనే ఇంకో చుక్క. లేదంటే ఊరికే కూర్చుంటుంది. అలా చుక్కా చుక్కా కలిసి గీత అయ్యేసరికి ఒక పూట గడిచిపోతుంది.

నాకు చూసి చూసి విసుగొచ్చింది. "ఒక పక్కనుంచి లాగేస్తే అయిపోతాది కదా?"

"వరసగా లాగితే వేడంతా ఒకే సోట సేరతాది. పల్చని రేకు, తట్టుకోలేదు. ఉబ్బిపోతాది."

"అచ్చం నీ మాదిరే."

"ఏమన్నావ్?"

"ఏమీ అనలా. పని చూస్కో."

వెల్డింగ్ అయ్యాక సుత్తితో తట్టి, గ్రైండర్‌తో నున్నగా చేసి, "సూస్కో పెయింటరూ" అని పక్కకు తప్పుకుంది. పెయింటర్ కళ్ళతో కాదు, అరచేత్తో చూస్తాడు. నేను కళ్ళు మూసుకుని అతుకు మీద చేయి నడిపాను. ముందుకు, వెనక్కు, అడ్డంగా. పాత రేకు ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో దొరకలేదు. మళ్ళీ నడిపాను. దొరకలేదు.

నాకు నిజంగా కోపం వచ్చింది. ఎన్ని రోజుల నుంచి ఒక తప్పు కోసం కాచుకుని ఉన్నాను!

కళ్ళు తెరిచేసరికి ఆమె నా చేతినే చూస్తోంది. పరీక్ష రిజల్టు కోసం చూసే పిల్లలా, పెదవి పంటి కింద పెట్టుకుని. నేను చూశానని తెలిసి ముఖం తిప్పుకుంది.

"ఎట్లుండాది?" అంది గోడతో.

"పరవాలేదు" అన్నాను నేనూ గోడకే.

తర్వాత వాన వచ్చింది. చిత్తూరులో కార్తీకం వాన చెప్పి రాదు. కారు సగం ఒళ్ళు పచ్చి ఇనుముతో, ప్రైమర్ కూడా లేకుండా షెడ్డు బయట ఉంది. గ్రైండ్ చేసిన రేకు మీద నీళ్ళు పడితే పొద్దున్నకల్లా ఎర్రగా తుప్పు లేస్తుంది. ఇద్దరం ఒకేసారి టార్పాలిన్ మీద పడ్డాం.

"ఇటు లాగు!"

"నువ్వు వదిలితే కదా లాగేది!"

"కాళ్ళ కింద తొక్కి పెట్టుకున్నావు, సూస్కో!"

తొక్కింది నేనే. ఒప్పుకోలేదు. గాలికి టార్పాలిన్ గొడుగులా లేచి, అందులో నిలిచిన నీళ్ళన్నీ తెచ్చి నా నెత్తిన పోసింది. ఎలాగో కారును లోపలికి తోశాం. ఆమె చున్నీ తీసి రేకు తుడవడం మొదలుపెట్టింది. నాకు ఏమీ కనబడక, ఒంటి మీది చొక్కా విప్పి తుడిచాను. శుక్రవారం నమాజుకని కొనుక్కున్న తెల్ల చొక్కా.

"కొత్త సొక్కానా అది?"

"అయితే ఏం?"

"పిచ్చోడివా నువ్వు? పాత గుడ్డల మూట నీ ఎనకనే ఉండాది కదా!"

వెనక్కి చూశాను. ఉంది. కొండంత మూట.

ఆమె నవ్వింది. అప్పటిదాకా ఆ పిల్ల నవ్వగా నేను చూడలేదు. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని, మసి చెంపల మీదికి కారి, కారు మీద చేతులానించి ఊపిరాడకుండా నవ్వింది. రేకుల పైకప్పు మీద వాన దబదబా దరువేస్తోంది. నేను స్ప్రే గన్ తీసుకుని బనియన్‌తోనే ప్రైమర్ కొట్టడం మొదలుపెట్టాను. కారు చుట్టూ ఎటు తిరిగినా కళ్ళు మాత్రం అటే పోతున్నాయి.

ఆ రోజు నాకు విషయం అర్థమైంది. అర్థమైనందుకు మళ్ళీ కోపమే వచ్చింది. తిరుపతిలో, చిత్తూరులో, మధ్యలో పాకాలలో ఇంతమంది ఆడపిల్లలు ఉండగా, జేబులో అయస్కాంతం వేసుకుని తిరిగే పిల్లే దొరికిందా నా మనసుకు?

చెప్పలేదు. ఏమని చెప్పను? చెబితే ఊతప్పం అంటుంది.

కారు దాదాపు అయిపోయింది. డ్రైవర్ వైపు డోరు ఒక్కటే మిగిలింది. దాని కింది సగం కోసేసి కొత్త రేకు అతకాలి. పొడుగాటి అతుకు, చదునైన రేకు, అన్నిటికంటే కష్టమైన పని. పైగా వరదమ్మ కూర్చునే వైపు. మర్నాడు పొద్దున ఆమె చూడడానికి వస్తోంది. అతుకు బాగుంటే పెయింటు నేను రెండు పూటల్లో ముగించేస్తాను.

ఆ మధ్యాహ్నం నేను థిన్నర్ కొనడానికి బజారుకు వెళ్తే, దారిలో సుల్తాన్ ఆపాడు. మిరపకాయ బజ్జీలు తినిపించాడు. కార్ వాష్ పెట్టాక పక్కన పెయింటు బూత్ కడతానని, ఏసీ పెడతానని, నన్నే ఉంచుకుంటానని ఏకబిగిన చెప్పుకుపోయాడు. ఆ బజ్జీ నిప్పు. నోరు తెరవలేక, మింగలేక నేను తల ఊపాను. ఆయన నా భుజం తట్టి బండెక్కి వెళ్ళిపోయాడు. నేను రెండు గ్లాసుల నీళ్ళు తాగి, థిన్నర్ కొని, తీరిగ్గా షెడ్డుకు వచ్చాను.

గేటు దగ్గరే చప్పుడు తేడాగా వినిపించింది. షబ్రీన్ వెల్డింగ్ ఎప్పుడూ చిటుక్కుమని ఒక్క మాట, తర్వాత మౌనం. ఇప్పుడు అలా లేదు. కుట్టుమిషను తొక్కినట్టు ఆగకుండా మోగుతోంది.

"షబ్రీన్! ఆపు! ఏం సేస్తా ఉండావు?"

వెలుగు ఆగిపోయింది. హెల్మెట్ పైకెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు నాతో మాట్లాడొద్దు."

డోరు మీద అతుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీతగా ఉంది. నేను దగ్గరికి వెళ్ళి రేకు మీద బొటనవేలితో నొక్కాను. టక్కుమని లోపలికి పోయింది. వేలు తీశాను. టక్కుమని బయటికి వచ్చింది. రేకు ఉబ్బిపోయింది.

ఇదే. ఇన్నాళ్ళూ నేను కాచుకున్న తప్పు. బెంచీ మీద జనం కూడా ఉన్నారు. నాకు కొంచెం కూడా సంతోషం కలగలేదు.

ఆమె కూడా నొక్కి చూసుకుంది. టక్. గ్లవుజులు తీసి నేలకేసి కొట్టింది.

"పుట్టీ పెట్టు" అంది.

"ఏమన్నావు?"

"ఇనపడలా? పుట్టీ పెట్టు. నీకొచ్చిన పనే కదా. పైన పెయింటు కొట్టెయ్. రేపు ఆమె సూసుకుని పోతాది. ఎవురికీ తెలీదు."

"పెట్టను."

"ఏంటికి పెట్టవు?"

"పెట్టనంటే పెట్టను."

"ఇన్నాళ్ళూ లోకానికంతా పెట్టినావు! నా ఒక్కదానికే పెట్టవా?"

"లోకం వేరు, నువ్వు వేరు!"

అరిచేశాను. అరిచాక నాకే వినిపించింది ఏమన్నానో. వెంటనే కప్పిపుచ్చడానికి ఇంకా గట్టిగా అరిచాను. "ఈ రేకు తలుపు వేసినప్పుడల్లా అదురుతాది. పుట్టీ పగులుతాది. వరదమ్మ ఈ రోడ్డు మీదికొచ్చి నీ పేరు పెట్టి తిడతాది. ఆ పని నా సేత్తో సెయ్యమంటావా?"

"నా పేరుతో నీకేం పని? నువ్వు పోతా ఉండావు కదా సుల్తాన్ భాయ్ దగ్గరికి! ఇప్పుడే వచ్చి సెప్పిపోయినాడు. పో. ఏసీ ఉంటాదంట."

"ఎవురు పోతా ఉండేది?"

"మాటిచ్చినావంట!"

"మాట యాడిచ్చినా? నా నోట్లో బజ్జీ ఉండె!"

"ఏంది?"

"మిరపకాయ బజ్జీ! నోరు కాలిపోయి తల ఊపినా!"

ఇంకో పిల్లయితే నవ్వేది. షబ్రీన్ నేల మీది గ్లవుజు తీసి నా ముఖం మీదికి విసిరింది.

"ఒక బజ్జీకి నా డోరు పోయింది! నా షెడ్డు పోయింది!"

అని, టైరు మీద కూలబడి మోకాళ్ళలో ముఖం పెట్టుకుంది. ఏడుస్తున్నావా అంటే పొగ అంది. నేను పక్కనే ఇంకో టైరు మీద కూర్చున్నాను. సుల్తాన్ మీద కోపం, బజ్జీ మీద కోపం, ఏమీ చేయలేని నా మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. ఈ రేకు కోసి, కొత్తది అమర్చి, చుక్కా చుక్కా అతకాలంటే రేపటికి కాదు.

సాయంత్రం అసర్ నమాజు నుంచి జియావుల్లా చాచా వచ్చాడు. మా ముఖాలు చూశాడు. తిన్నగా డోరు దగ్గరికి వెళ్ళి నొక్కాడు. టక్కుమన్న చప్పుడు విని, ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే బాగుండేది.

షబ్రీన్ ముఖం తుడుచుకుంది. "పుట్టీ వద్దులే" అంది. "రేపు నేనే సెప్తా ఆమెకి."

"షెడ్డు?"

"పోతే పోతాది."

పొద్దున వరదమ్మ వచ్చేసరికి సుల్తాన్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన. తాళం కోసం వచ్చినట్టే ఉన్నాడు.

వరదమ్మ చెప్పులు విడిచి కారు చుట్టూ తిరిగింది. వెనక నుంచి మొదలుపెట్టి రేకంతా అరచేత్తో తడుముతూ, "నల్లా ఉండాది... బలే ఉండాది" అని అరవం కలిపి తనలో తనే మెచ్చుకుంటూ వచ్చింది. డ్రైవర్ వైపుకు తిరిగింది. చేయి డోరు మీద పెట్టబోతుండగా షబ్రీన్ అడ్డం వచ్చింది.

"అమ్మా, ఈడ నొక్కి సూడండి."

నొక్కింది. టక్. వేలు తీసింది. టక్.

"ఏందిది?"

"రేకు ఉబ్బింది. నా వల్లనే. ఆగి ఆగి అతకాల్సింది, కోపంలో ఒకే దెబ్బకు లాగేసినా. ఇది కోసి మళ్ళా సెయ్యాల. అంతదాకా కారు ఇయ్యలేను."

"సూసినావా చాచా?" అన్నాడు సుల్తాన్ వెంటనే. "నేను ఎప్పుడో సెప్పినా. ఆడపిల్లలతో ఇట్లాంటి పనులు..."

"నువ్వు ఉండప్పా ఒక నిమిషం" అంది వరదమ్మ. ఆమె ముఖం కందగడ్డలా ఉంది. "నగరి నుంచి ఇంత దూరం పనులన్నీ వదులుకుని వచ్చినా! కోపమంట, లాగేసిందంట! అంత కోపం ఎవురి మీదమ్మా నీకు?"

షబ్రీన్ చేయి చాచి నన్ను చూపించింది. "ఈయన మీద."

ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నన్ను 'ఈయన' అనలేదు ఆ పిల్ల.

"ఏం జేసినాడు?"

"ఏం జెయ్యలా."

"ఏం జెయ్యని మనిషి మీద ఏంటికమ్మా కోపం?"

షబ్రీన్ నేల చూసింది. కాలి బొటనవేలితో గ్రైండింగ్ పొడిని అటూ ఇటూ రాసింది. తర్వాత తలెత్తి, తగాదాకు వచ్చినట్టే చెప్పింది.

"పోతాడనుకున్నా."

నా గుండె కంప్రెసర్‌లా కొట్టుకుంది. జియావుల్లా చాచా కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. వరదమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఆమెను చూసింది. ముఖంలో కోపం అలాగే ఉంది గానీ పెదవులు అదుపు తప్పాయి.

"ఏం తంబీ, పోతావా?"

"పోను!" అన్నాను. ఎక్కువ గట్టిగా వచ్చింది. టీ కొట్టు బెంచీ మొత్తం ఇటు తిరిగింది. "యాడికీ పోను. ఏసీ పెట్టినా పోను. ఈ పిల్ల దినామూ తిట్టినా పోను."

"తిడతా" అంది షబ్రీన్.

"తిట్టు!"

"సరి సరి, మీ గొడవ తర్వాత పెట్టుకోండి" అంది వరదమ్మ. చెప్పులు వేసుకుని జియావుల్లా చాచా వైపు తిరిగింది. "నేను వట్టి చేతుల్తో పోతా ఉండా, నాకు చాలా కోపంగా ఉండాది. మీ పాపకు అది తెలవాల. కానీ భాయ్, ఈ కారు నేను ఈడనే వదిలేసి పోతా ఉండా. తప్పు దాచిపెట్టేవాళ్ళ దగ్గరైతే కాపలా కూసోవాల. ఈ పిల్ల దగ్గర ఏంటికి? అయినాక ఫోన్ చేయించండి, వస్తా."

ఆమె కొత్త కారు గేటు దాటగానే సుల్తాన్ గొంతు సవరించుకున్నాడు. "చాచా, ఆమె ఒప్పుకోలేదు కదా. మరి తాళం..."

"తిట్టింది. బండి ఎత్తుకుని పోయిందా?" అన్నాడు చాచా. "తేడా వస్తే కస్టమర్ నిలబడదనే కదా నా భయం. తేడా వచ్చింది. కారు ఈడనే ఉండాది. నువ్వు ఇంకో జాగా సూస్కో సుల్తాన్."

సుల్తాన్ వెళ్ళాక ఆయన నా వైపు తిరిగాడు. అప్పటిదాకా దాచుకున్న కోపమంతా నా మీదికే వచ్చింది.

"నా షెడ్డులో, నా ముందర, ఊరంతా ఇనేటట్టు పోను పోను అని అరుస్తావా? సిగ్గు లేదా? పెద్దోళ్ళు మాట్లాడాల్సిన మాట అది! ఆదివారం మీ అమ్మీని రమ్మని సెప్పు."

అని విసురుగా లోపలికి వెళ్ళి, గుమ్మం దాటాక దగ్గు వంకతో నవ్వాడు. నాకు స్పష్టంగా వినిపించింది.

షబ్రీన్ అప్పటికే డోరును విప్పి చెక్క బల్ల మీద పెట్టింది. గ్రైండర్ చేతిలోకి తీసుకుంది. ముఖం ఎర్రగా ఉంది, కోపమో మరొకటో తెలియలేదు.

"సూస్తా నిలబడ్డావే? వచ్చి పట్టుకో. కదిలితే నీ వేళ్ళు పోతాయి."

నేను డోరు రెండు అంచులూ గట్టిగా పట్టుకున్నాను. నిప్పురవ్వలు మా మధ్య లేచాయి. ఆమె నిన్నటి అతుకును ఈ చివర నుంచి ఆ చివరకు కోసుకుంటూ వచ్చి, గ్రైండర్ ఆపి, నా వైపు చూడకుండా అంది.

"మీ అమ్మీ ఆదివారం రావొద్దు."

నేను డోరు వదిలేశాను. "ఏంటికి?"

"డోరు అయినాక రమ్మను."

"అదే, ఏంటికి అంటా ఉండా!"

"సంతోషమొచ్చినా నా సెయ్యి ఆగదు" అంది షబ్రీన్. "మళ్ళా ఒకే దెబ్బకు లాగేస్తా."

బయటికి వెళ్ళి అమ్మీకి ఫోన్ చేశాను. పిల్ల సంగతి చెప్పి, వచ్చి మాట్లాడాలని చెప్పి, కానీ డోరు అయ్యేదాకా రావద్దన్నాను. ఏ డోరు, ఎవరి డోరు, నీకు బుద్ధుందా అని ఆమె తిరుపతి నుంచి చిత్తూరు దాకా వినబడేలా తిట్టింది.